పీక మార్చిందెవరు

జనవరి 4

నా మోరీ పీక ఎవరో మార్చారు.

అనుమానం కాదు, ఖాయంగానే రాస్తున్నాను. నిన్న సాయంత్రం రిసార్టులో టూరిస్టుల ముందు థింసా ఆట కట్టాం. కింది స్వరాలు బాగానే పలికాయి. పైకి వెళ్లేసరికి వేళ్ల కింద గాలి పోతోంది గానీ పాట లేదు. బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదినా లేదు. తాటాకు కత్తిరించేదీ నేనే, నానబెట్టేదీ నేనే, పీకగా కట్టి మోరీ నోటికి బిగించేదీ నేనే. మొన్నటిదాకా పలికిన పీక ఉన్నట్టుండి మూగపోతుందా?

మోరీ సంచి మోసేది సింహాచలం. మా అక్క కొడుకు. నా వెనకే తిరిగి నేర్చుకున్నాడు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో మోరీ పట్టగలిగింది మేమిద్దరమే. నాది పాడైతే లాభం ఎవరికి?

మంట దగ్గర ఒక టూరిస్టు నన్ను ఏదో అడిగాడు. అందరూ అడిగేదే కదా అని, ఇది సన్నాయి కాదండీ, మోరీ అని చెప్పాను. వింతగా చూసి వెళ్లిపోయాడు. ఆయన బాత్రూమ్ ఎక్కడని అడిగాడని తర్వాత సింహాచలం చెప్పాడు. వాడి మాట నేను నమ్మను.

జనవరి 6

కొత్త పీక కట్టాను. అదే తంతు. తాటాకులోనే ఏదో తేడా ఉంది. ఘాటు రోడ్డు దిగి ఆ తాటాకు తెచ్చింది కూడా సింహాచలమే.

జనవరి 9

ఇంట్లోనూ ఏదో నడుస్తోంది.

మా ఆవిడ రత్న పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుని ఏదో అంటుంది. ఏమిటని అడిగితే మళ్లీ అదే గొణుగుడు. ఇంకోసారి అడిగితే "ఏటీ లేదులే" అంటుంది. ఏమీ లేనిదానికి మనిషి అంతసేపు పెదవులు కదుపుతుందా? ఈ ఇంట్లో ఈమధ్య ఏమీ లేనివి చాలా ఎక్కువయ్యాయి.

మా అమ్మాయి సోని పాడేరులో అంగన్‌వాడీ సూపర్‌వైజరు. ఫోన్ చేస్తే ఇదివరకు ముందు నాతో మాట్లాడేది. ఇప్పుడు ఫోను రత్నకే వెళుతుంది. రత్న దాన్ని పట్టుకుని కాఫీ గింజలు ఆరబోసిన చోటికి పోయి, అక్కడ చేతులు తిప్పుతూ మాట్లాడుతుంది. నేను బయటికొస్తే ఇద్దరి మాటలూ ఆగిపోతాయి. ఇవాళ నేనే ఫోను లాక్కున్నాను. సోని గుక్కతిప్పుకోకుండా ఏదో చెప్పింది. సరే సరే అన్నాను. ఉద్యోగం వచ్చాక ఆ పిల్ల నోరు తెరిచి మాట్లాడటం మానేసింది.

దేనికి సరే అన్నానో తెలియదు.

జనవరి 12

పిట్టలు పోయాయి. సిల్వర్ ఓక్ చెట్ల మీద తెల్లారేసరికి చెవులు తూట్లు పడేలా అరిచేవి. కొండ మీద సెల్ టవరు వేసిన దగ్గర్నుంచీ ఒక్కటి కూడా లేదు. దీని గురించి ఎవరూ పట్టించుకోరు.

జనవరి 17

సంతలో మంగ్లు కనిపించాడు. నాకు బావ వరస, మా జట్టులో తుడుము వాయిస్తాడు. పలకరించడమే చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. పసుపు కొమ్ములు అమ్ముకునే ఆడవాళ్లు అందరూ మావైపు చూశారు. పొద్దున్నే తాగాడేమో అనుకున్నాను గానీ వాసన లేదు. తర్వాత అర్థమైంది. ఏళ్ల తరబడి తుడుము కొట్టి కొట్టి పాపం వాడికి చెవుడు వచ్చింది. చెవిటివాళ్లే అలా అరుస్తారు.

ఇంటికొచ్చి రత్నకి చెప్పాను. నా మొహంలోకి చాలాసేపు చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇందులో నవ్వడానికి ఏముంది? మంగ్లు మీద జాలి వేసింది నాకు.

జనవరి 18

ఎందుకు నవ్వింది?

జనవరి 26

అసలు విషయం బయటపడింది. వీళ్ల కన్ను చైత్ర పండగ మీద ఉంది.

రిసార్టులో వాయించడం వేరు, పండగకి వాయించడం వేరు. చైత్ర పండగ నాడు దేవత ముందు మోరీ పలికితేనే ఆడవాళ్లు చేతులు కలిపి వరస కడతారు. మోరీ పాట మార్చితేనే అడుగు మారుతుంది. ఆ రోజు ఊరంతా ఒక్క మోరీ మాట వింటుంది. మా తాత ఊదాడు, మా నాన్న ఊదాడు, ఆయన పోయాక నేను. స్కూల్లో మాస్టారుగా పనిచేసినన్నాళ్లూ ఏ ఊరికి బదిలీ చేసినా చైత్ర పండగకి సెలవు పెట్టి వచ్చి ఊదాను. మాస్టారు అని పిలిచినా పిలవకపోయినా నాకు పట్టింపు లేదు. మోరీ నా చేతిలోంచి పోతే మాత్రం ఈ ఊళ్లో నేనేమిటో నాకే తెలియదు.

ఇవాళ పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చున్నారు. నేను వెళ్లేసరికి మాట మార్చేశారు. సింహాచలం వాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. రిసార్టు మేనేజరు కూడా ఈమధ్య ఏ మాటైనా వాడితోనే చెబుతున్నాడు.

నా చెవులు పనిచేస్తున్నాయి. ముప్పై ఏళ్లు చివరి బెంచీ వాడు గొణిగింది పట్టుకున్న చెవులు ఇవి. తుడుము దెబ్బ ఒక్కటి తప్పను. కుక్క అరిస్తే వినపడుతుంది, జీపు ఘాటెక్కుతుంటే వినపడుతుంది. మనుషులు కావాలని గొంతు తగ్గిస్తే దానికి నేనేం చేయను?

ఫిబ్రవరి 2

అందరి ముందూ అడిగేశాను.

కళ్లంలో ఆడవాళ్లు వరస కట్టి ఉన్నారు. అటు చివర అడుగు చూపించేది ఎప్పుడూ రత్నే. పై స్వరం రాలేదు. మోరీ దించి, సింహాచలాన్ని నిలబెట్టి, నా పీకని ఏం చేశావురా అన్నాను. తాటాకుకి ఏం పూశావు, ఎన్నాళ్లనుంచి చేస్తున్నావు, పండగకి నేను నవ్వులపాలైతే నీకు దక్కుతుందనుకున్నావా అన్నాను. ఇంకా చాలా అన్నాను. మా అక్కని కూడా మధ్యలోకి లాగాను.

వాడి మొహం నల్లబడింది. నా చేతిలోంచి మోరీ తీసుకుని, అదే పీకతో ఊదాడు. నేను వాడి వేళ్లే చూస్తున్నాను. కింది రంధ్రాల పాట వినపడింది. వేళ్లు పైకి వెళ్లాయి. ఏమీ లేదు. వాడి బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, వేళ్లు ఆడుతున్నాయి, పాట లేదు.

చూశారా, వీడి నోట్లో కూడా పలకడం లేదు, పీక చచ్చిపోయింది, ఇంతకంటే ఏం రుజువు కావాలి అన్నాను.

మంగ్లు తుడుము మీద చెయ్యి పెట్టి తలొంచుకున్నాడు. ఆడవాళ్లు నేల చూశారు. రత్న ఒక్కతే నావైపు చూసింది, ఆమె కళ్లలో నీళ్లున్నాయి. దొంగ దొరికితే ఇంటివాళ్లు సిగ్గుపడటం సహజం.

ఫిబ్రవరి 3

గెలిచాను. అయినా అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 11

సింహాచలం ప్రాక్టీసుకి రావడం మానలేదు. తప్పు చేసినవాడు మొహం చాటేస్తాడు కదా. వీడు రోజూ వస్తున్నాడు, సంచి మోస్తున్నాడు. ఇది మరీ అనుమానంగా ఉంది.

రత్న కొత్త అలవాట్లు పట్టింది. నాతో మాట్లాడే ముందు భుజం తడుతుంది. టీవీ కట్టేస్తుంది. దీపం వైపు తిరిగి కూర్చుంటుంది. ఎవరో నేర్పిస్తున్నారు. సోనియే అయ్యుంటుంది. నన్ను ఏదో ఒప్పించాలని మెత్తగా చేస్తున్నారు. నేను మెత్తబడే రకం కాదు.

ఫిబ్రవరి 16

ఒక ఉపాయం తోచింది. అబద్ధం చెప్పేవాళ్లని అడిగి లాభం లేదు. పరీక్ష పెట్టాలి.

ఫిబ్రవరి 18

పరీక్ష పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

కళ్లంలో గుండేరి అడుగు నడుస్తోంది. ఆ తర్వాత వంగి ఆకులు ఏరినట్టు ఆడే అడుగు. దానికి మారాలంటే మోరీ పై స్వరంలో సైగ ఇవ్వాలి. అది వినే వరస వంగుతుంది. ఇవాళ ఆ చోటు వచ్చినప్పుడు నేను బుగ్గలు ఉబ్బించాను, వేళ్లు ఆడించాను, గాలి మాత్రం వదల్లేదు. ఒక్క ఊపిరి కూడా మోరీలోకి పోలేదు.

వరస వంగింది.

ఆడవాళ్లంతా ఒక్కసారిగా, ఒక్క అడుగు తప్పకుండా వంగారు. మళ్లీ చేశాను. ఈసారి మధ్యలో, మార్చకూడని చోట వేళ్లు ఆడించాను. ఎవరూ మారలేదు. మళ్లీ మారాల్సిన చోటు వచ్చినప్పుడు చూశాను. రత్న మడమ నేలని గట్టిగా తాకింది, ఆమె మోచెయ్యి పక్కామె నడుముని నొక్కింది, ఆమె తన పక్కామెని నొక్కింది. నొక్కుడు ఇటు చివరి వరకూ పోయింది. అప్పుడు అడుగు మారింది.

వీళ్లు మోరీ వినడం లేదు. ఎన్నాళ్లనుంచో.

మోరీ అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఫిబ్రవరి 19

అందరూ కలిసి నన్ను బొమ్మని చేశారు. నా భార్య కూడా.

ఫిబ్రవరి 22

మాట్లాడటం లేదు. ఎవరితోనూ.

ఫిబ్రవరి 25

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

వాకిట్లో మిరియాలు ఎండబెడుతున్నాను. రత్న వచ్చి నాకు ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఎండ ఆమె మొహం మీద పడుతోంది. నా మోకాలి మీద చెయ్యి వేసి, నేను తలెత్తేదాకా ఆగింది. తర్వాత ఒక్కో మాటా విడదీసి చెప్పింది. అరవలేదు.

"నీకు ఇనపడదు. ఊరందరికీ తెలుసు. నీ ఒక్కడికే తెల్దు."

పీక చచ్చిపోయిందన్నాను. సింహాచలం ఊదినప్పుడు కూడా పలకలేదు కదా, అందరూ చూశారు కదా అన్నాను. రత్న తల అడ్డంగా ఊపింది. ఆ రోజు వాడు ఊదిన పాట కళ్లం అవతల కాఫీ తోటలో ఉన్నవాళ్లకి కూడా వినపడిందట. వినపడనిది నాకు ఒక్కడికేనట. అది నేను చచ్చిన పీకకి రుజువని చెబుతుంటే, నాకెలా చెప్పాలో తెలియక అందరూ నేల చూశారట.

రెండేళ్ల కిందటి చైత్ర పండగకే నా పై స్వరాలు తప్పాయని చెప్పింది. పెద్దలు నన్ను దించెయ్యాలనుకున్నారు. వద్దన్నది సింహాచలం. మామ ఉన్నంతకాలం మామే ఊదాలని రచ్చ దగ్గర కూర్చుని వాదించాడట. మోరీ తప్పిన చోట నేను కాలితో నడిపిస్తానని రత్న పెద్దలకి మాటిచ్చింది. అప్పటినుంచి నడిపిస్తోంది.

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్పాను. నీకు ఇనపడలేదు."

నాకు కోపం రాలేదు. భయం వేసింది. బడిలో పిల్లలు, ఫోనులో సోని, పొయ్యి దగ్గర రత్న ఎన్ని మాటలు అని ఉంటారు. నేను తలూపి, సరే అని, నా బుర్రలోంచి ఏవేవో జవాబులు చెప్పాను. అవన్నీ ఎక్కడికి పోయాయి?

మార్చి 6

సోని సెలవు పెట్టి వచ్చింది. విశాఖలో చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తొడిగి, శబ్దం వచ్చినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. శబ్దం పెట్టకుండా నన్ను పరీక్షిస్తున్నారని మొదట అనుకున్నాను. చాలాసేపు ఏమీ రాకపోయేసరికి సిగ్గేసి ఊరికే నొక్కాను. డాక్టరమ్మ కనిపెట్టింది. మళ్లీ మొదటినుంచి.

బరువైన శబ్దాలు బాగానే అందుతున్నాయట. సన్నటివి పోయాయి. వయసు కొంత, చెవి పక్కనే ఏళ్లపాటు మోరీ కొంత. మాటల్లో సగం అక్షరాలు ఆ సన్నటి వాటిలోనే ఉంటాయని, అందుకే మనుషులు గొణుగుతున్నట్టు అనిపిస్తుందని చెప్పింది. రత్నతో, సోనితో చాలా చెప్పింది. ఎదురుగా రావాలి, వెలుతురులో ఉండాలి, అరవకూడదు, అర్థం కాకపోతే అదే మాట కాకుండా వేరే మాటతో చెప్పాలి, ఏమీ లేదులే అని మాత్రం అనకూడదు. ఆ చివరి మాటకి రత్న తలొంచుకుంది.

నాకు చెప్పింది ఒక్కటే. తలూపకండి మాస్టారూ, అడగండి.

మార్చి 14

చెవి మిషన్ వచ్చింది. కంచం పెట్టిన చప్పుడుకి ఉలిక్కిపడ్డాను. నా చెప్పులు ఇంత మోత చేస్తాయా? రత్న చీర కుచ్చిళ్లు ఆమె నడుస్తుంటే చప్పుడు చేస్తున్నాయి. కాఫీ పువ్వు విచ్చుకుంది, తోటంతా తేనెటీగలు, ఆ రొద కూడా వినపడుతోంది.

పిట్టలూ టవరూ గురించి రాసింది కొట్టేశాను.

రత్న కళ్లంలోంచి తెచ్చి మూలన పెట్టిన మోరీ ఇంకా ముట్టుకోలేదు.

మార్చి 20

ముట్టుకున్నాను.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు మిషన్ పెట్టుకుని పండగ పాట ఊదాను. పై స్వరాలు వినపడ్డాయి. మేకపిల్ల గొంతు పట్టుకున్నట్టు ఒకటే అరుపు. స్వరం ఒకచోట, నా వేలు ఒకచోట. ఆపి, పీక సరిచేసి మళ్లీ ఊదాను. అదే. ఇది నా పాట కాదు. మా నాన్న నేర్పిన పాట ఇలా ఉండదు.

తప్పు మిషన్‌ది. డబ్బాలోంచి వచ్చే గొంతు ఎప్పుడైనా అసలు గొంతులా ఉంటుందా? మనుషుల మాటల కోసం చేసిన వస్తువుకి మోరీ ఏం తెలుసు? నేను బాగానే ఊదుతున్నాను, ఇదే చెడగొట్టి చెవిలో వేస్తోంది. అదీ సంగతి.

మార్చి 21

రాత్రంతా ఆలోచించి, తెల్లారగానే సింహాచలాన్ని పిలిపించాను.

ఫిబ్రవరిలో కళ్లంలో అన్నన్ని మాటల తర్వాత వాడు నా గుమ్మం తొక్కడం ఇదే మొదలు. చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. అన్నం తిన్నావా అని అడగడం తప్ప నాకేమీ తోచలేదు. ఆ పాట ఊదమన్నాను. అదే మోరీ, అదే పీక, నా చెవిలో అదే మిషన్. మిషన్ అబద్ధం చెబుతున్నట్టయితే వాడి పాట కూడా చెడిపోవాలి.

ఊదాడు.

మొదటి విరుపుకే నాకు తెలిసిపోయింది. మా నాన్న పాట. పై స్వరం ఎక్కి, అక్కడ కాస్త వణికి, నెమ్మదిగా దిగింది. ఎన్నాళ్లయిందో అది విని. నేను గోడకి చేరగిలబడ్డాను. మిషన్ తప్పేమీ లేదు.

వాణ్ణి దగ్గరికి రమ్మని, నా మొహం చూసి చెప్పమన్నాను. నాది ఎలా ఉంటోంది, నిజం చెప్పు అన్నాను. వాడు తల తిప్పుకోబోయి, మళ్లీ నావైపే తిరిగాడు.

"సెడిపోయింది మామా. రెండేళ్లయింది."

రెండేళ్లూ ఊరంతా ఆ అరుపుకి ఆడింది. అది వింటూ సింహాచలం నా పక్కనే నిలబడ్డాడు. వాణ్ణే నేను దొంగన్నాను. నా తప్పు క్షమించమన్నాను. మిషన్ పెట్టుకుంటే నా గొంతు నాకు చాలా గట్టిగా వినపడుతుంది. ఆ మాట కూడా గట్టిగానే వినపడింది. వాడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడానికేముంది.

మోరీ వాడి చేతిలోంచి తిరిగి తీసుకోలేదు.

మార్చి 30

పెద్దలకి నేనే చెప్పాను. పండగకి సింహాచలం ఊదుతాడని. నా చెవుల సంగతి కూడా నా నోటితోనే చెప్పాను. వాళ్ల మొహాలు ఇటు తిప్పి మాట్లాడమన్నాను. మంగ్లు చెవి దగ్గరికి వచ్చి అరవబోతే, అరవొద్దు, ఎదురుగా నిలబడు చాలన్నాను. నీకు చెవుడని ఊళ్లో చెప్పింది నేనే బావా అని కూడా చెప్పాను. అది వాడికి ముందే తెలుసట.

ఇంటికి రాగానే పడుకున్నాను. చేతులు ఖాళీగా ఉన్నట్టుంది.

ఏప్రిల్ 12

పండగ.

మిషన్ పెట్టుకునే వెళ్లాను గానీ, తుడుము మొదలవ్వగానే తలలో సమ్మెట పోటు. తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. సింహాచలం మోరీ ఎత్తాడు. నా చెవికి మళ్లీ పాతలాగే సగం పాట. బుగ్గలు, వేళ్లు, మిగతాదంతా మౌనం. ఆడవాళ్లు వరస కట్టారు. మగవాళ్లు కొందరు కలిశారు. మోరీ పట్టినవాడు వరసలో ఉండడు, కాబట్టి పుట్టి బుద్ధెరిగాక నేను థింసా అడుగు వెయ్యలేదు. పక్కన నిలబడి చూస్తున్నాను. ఏడుపొస్తుందేమోనని భయంగా ఉంది.

రత్న వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది. నాకు రాదన్నాను. లాగింది. ఆమె చెయ్యి నా వీపు వెనకనుంచి వచ్చి నడుము పట్టుకుంది, నా చెయ్యి అలాగే పెట్టించింది. ఆమె నొక్కిన చోట వంగాను, లాగిన వైపు తిరిగాను. చాలాసార్లు తప్పాను. ఒకసారి ఆమె కాలే తొక్కాను.

మధ్యలో రత్న అవతలి పక్కామెతో ఏదో అంది. ఆమె నావైపు చూసింది. తర్వాత ఇద్దరూ నావైపు చూశారు. పాత అనుమానం మళ్లీ లేచింది. నా గురించే. నా అడుగుల గురించే, నా చేతిలో లేని మోరీ గురించే. ఇంటికి వెళ్లి ఇందులో రాసుకునేవాణ్ణి, ఇదివరకైతే.

ఏటన్నావు అని అడిగాను.

రత్న ఆగింది. ఆమె ఆగితే వరస ఆగింది, వెనకవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. మొహం నావైపు తిప్పి, చెమట తుడుచుకుని, నా కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"మోరీ బాగుందన్నాను."

సింహాచలం వైపు చూశాను. వేళ్లు పైకి వెళ్లాయి. నాకు ఏమీ వినపడలేదు. రత్న బాగుందంది. నమ్మాను.